ఎరుపు చూసి ఎంచుకోకండి: యాపిల్ గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

యాపిల్ గురించి అందిన ప్రశ్నలకు ఈసారి చోటిచ్చాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: పైకి ఎర్రగా నిగనిగలాడే పండు తీరా కొరికితే పిండి పిండిగా ఉంటోంది. కొనేటప్పుడే కనిపెట్టే దారి ఏమైనా ఉందా?

ఉంది. అయితే ముందు ఎరుపును మరిచిపోవాలి. కాయ మీద వెలుతురు ఎంత పడిందో, రాత్రులు ఎంత చల్లగా ఉన్నాయో, ఆ రకానికి ఎర్రబడే గుణం ఎంతుందో ఎరుపు చెబుతుంది. ఎంత పండిందో చెప్పదు. కాయకు ఆకు అంటుకుని ఉంటే ఆ ఆకు ఆకారంలోనే పచ్చటి మచ్చ మిగిలిపోతుంది. అందుకే కొన్ని తోటల్లో కోతకు ముందు కాయల చుట్టూ ఉన్న ఆకులు తుంచేస్తారు, వెలుతురు కిందనుంచి పైకి కొట్టేలా చెట్ల మొదట్లో మెరిసే పట్టాలు పరుస్తారు. వీటితో రంగు వస్తుంది. తీపి మాత్రం దాని దారిన అది రావాల్సిందే.

చూడాల్సింది ఎరుపు కింద ఉండే అసలు రంగు. తొడిమ చుట్టూ ఉన్న గుంటలోనో, ఎరుపు సరిగా పట్టని పక్కనో అది కనిపిస్తుంది. ముదురు ఆకుపచ్చగా ఉంటే తొందరపడి కోసిన కాయ. లేత పసుపులోకి, మీగడ రంగులోకి తిరిగితే సరిగ్గా పండింది. బాగా పసుపెక్కి, తొక్క చేతికి జిడ్డుగా తగిలితే కోసి చాలాకాలమైంది లేదా చెట్టు మీదే మిగలపండింది. గ్రానీ స్మిత్ లాంటి పచ్చ రకాలకు ఈ లెక్క పనికిరాదు, అక్కడ గట్టిదనమే కొలత.

గట్టిదనం చూడటానికి బొటనవేలితో నొక్కేవాళ్లే ఎక్కువ. నొక్కిన చోట లోపల కమిలి, ఆ పండు తర్వాత కొన్నవారికి గోధుమ మచ్చగా మిగులుతుంది. అరచేతిలో పెట్టుకుని మొత్తం చేత్తో పట్టి చూస్తే చాలు. ఒకే సైజు పండ్లు రెండు తీసుకుని ఏది బరువుగా ఉంటే దాన్ని ఎంచుకోండి. ఒకే రకంలో మరీ పెద్ద కాయల కంటే మధ్యరకం కాయలు ఎక్కువకాలం గట్టిగా ఉంటాయి.

ఇక పిండిదనం ఎందుకంటే, యాపిల్ కణాలను గోడలో ఇటుకల మధ్య సున్నంలా పట్టి ఉంచేది పెక్టిన్. అది గట్టిగా ఉన్నప్పుడు పంటి కింద కణాలే చిట్లి, రసం బయటికి చిమ్ముతుంది. పండు పాతబడేకొద్దీ పెక్టిన్ కరిగిపోయి, కణాలు చిట్లకుండానే ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి. రసం కణాల్లోనే ఉండిపోతుంది కాబట్టి నాలుకకు పొడిగా, రవ్వరవ్వగా తగులుతుంది. నీరు ఇంకిపోయిందని అనుకుంటాం గానీ, నీరు చాలావరకు లోపలే ఉంటుంది. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1991లో విడుదల చేసిన హనీక్రిస్ప్ రకానికి అంత పేరు రావడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. దాని కణాలు మామూలు రకాలకంటే పెద్దవి, కొరికితే ఫట్టుమని పగులుతాయి.

ప్రశ్న: రెడ్ డెలిషియస్ ఒకప్పుడు నిజంగానే రుచిగా ఉండేదా, లేక పేరుకేనా?

ఉండేది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, పెరూ అనే ఊరి దగ్గర జెస్సీ హయట్ అనే రైతు తోటలో వరస తప్పి తనంతట తాను మొలిచిన చెట్టు అది. ఆయన కొట్టేసినా మళ్లీ చిగురు వేసిందని చెబుతారు. దానికి ఆయన పెట్టిన పేరు హాక్‌ఐ. 1893లో మిస్సోరిలో స్టార్క్ నర్సరీవారు పెట్టిన పండ్ల పోటీలో అది గెలిచింది. వాళ్లు హక్కులు కొని డెలిషియస్ అని పేరు మార్చారు. 1914లో అదే సంస్థ ఒక పసుపు రకం కొని గోల్డెన్ డెలిషియస్ అని అమ్మడం మొదలుపెట్టాక, తేడా తెలియడానికి పాతది రెడ్ డెలిషియస్ అయింది. ఈ రెండింటికీ పేరులో తప్ప చుట్టరికం లేదు.

మొదటి హాక్‌ఐ ముదురెరుపు కాదు. పసుపు మీద ఎర్రటి చారలుండేవి. యాపిల్ చెట్లలో అప్పుడప్పుడు ఒక్క కొమ్మ మాత్రం మిగతా చెట్టుకు భిన్నంగా, మరింత ఎర్రటి కాయలు కాస్తుంది. ఆ కొమ్మనుంచి అంటు కడితే అదే కొత్త మొక్క. 1920లనుంచి ఇలా మరింత ఎర్రటి కొమ్మలనే ఏరుకుంటూ పోయారు. తొందరగా ఎర్రబడే కాయను తొందరగా కోయవచ్చు. తొక్క మందంగా ఉంటే దూరప్రయాణం తట్టుకుంటుంది, దెబ్బ తగిలినా పైకి కనపడదు. ఏరినవాళ్లు రుచి చూడలేదు, కొన్నవాళ్లూ రంగే చూశారు. పండకముందే ఎర్రబడటంతో పిండిపదార్థం చక్కెరగా మారకముందే కోసిన కాయలు బజారుకెక్కాయి. దశాబ్దాలపాటు అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ పండిన ఆ రకాన్ని 2018లో గాలా అనే మరో రకం దాటేసింది. తప్పు చెట్టుది కాదు, ఏరినవాళ్లదీ ఏరమన్నవాళ్లదీ.

ఫుజీ ఇష్టపడేవాళ్లకు ఒక మాట. దాని తల్లిదండ్రుల్లో ఒకటి ఈ రెడ్ డెలిషియసే. జపాన్‌లో రాల్స్ జెనెట్ అనే పాత అమెరికన్ రకంతో దాన్ని కలిపి పెంచారు, 1962లో పేరు పెట్టి విడుదల చేశారు.

ప్రశ్న: బాగా నచ్చిన యాపిల్ గింజలు నాటితే అదే పండు వస్తుందా?

రాదు. యాపిల్ పువ్వు సాధారణంగా తన పుప్పొడితో కాయ కట్టదు, తన రకానికే చెందిన పక్క చెట్టు పుప్పొడినీ ఒప్పుకోదు. కాబట్టి దాదాపు ప్రతి గింజకూ తల్లి ఒక రకం, తండ్రి మరో రకం. ఒకే పండులో దొరికిన గింజలు వరసగా నాటినా ఏ రెండు చెట్లూ ఒకలా ఉండవు. ఎక్కువవాటికి చిన్నచిన్న పుల్లటి, వగరు కాయలే కాస్తాయి. ఆ సంగతి తేలడానికే ఆరేళ్లనుంచి పదేళ్లు పడుతుంది.

అమెరికాలో జానీ యాపిల్‌సీడ్‌గా పేరుపడ్డ జాన్ చాప్‌మన్ (1774–1845) ఊరూరా గింజల నారుమళ్లే వేశాడు. అంటు కట్టడమంటే ఆయనకు ఇష్టం లేదు. ఆ కాలంలో ఆ కాయల్లో ఎక్కువభాగం తినడానికి కాదు, పులియబెట్టి సైడర్ అనే మత్తు పానీయం చేసుకోవడానికి. అందుకు పులుపూ వగరూ అడ్డం కాదు, పైగా కావాలి కూడా.

వేలల్లో ఒకటి మాత్రం తగులుతుంది. ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర మరియా ఆన్ స్మిత్ అనే ఆవిడ పెరట్లో 1868 ప్రాంతంలో మొలిచిందే గ్రానీ స్మిత్. ఇంగ్లండ్‌లో సౌత్‌వెల్ అనే ఊళ్లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫోర్డ్ అనే అమ్మాయి 1809లో నాటిన గింజ బ్రామ్లీ అయింది. పేరు మాత్రం తర్వాత ఆ ఇల్లు కొన్న కసాయి వ్యాపారిది. ఈ రోజు ఎక్కడ పండిన గ్రానీ స్మిత్ అయినా ఆ మొదటి చెట్టు కొమ్మకు కొమ్మగా వచ్చినదే. అంటు కట్టడం ఆగితే రకం పోయినట్టే.

అంటు ఇలా కడతారు. చలికాలంలో చెట్టు ఆకు రాల్చి నిద్రలో ఉండగా, నిరుడు పెరిగిన పెన్సిలంత లావు పుల్లలు కోస్తారు. ఎండిపోకుండా తడిగుడ్డలో చుట్టి, సంచిలో కట్టి 1 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో దాస్తారు. ఆ సంచి పక్కన పండ్లు ఉండకూడదు, వాటినుంచి వచ్చే వాయువు మొగ్గల్ని చంపుతుంది. వసంతంలో వేరుమొక్క (అంటుకు కింద వేళ్లనిచ్చే మొక్క) చిగురించబోయే ముందు, దానికీ పుల్లకూ 3–4 సెంటీమీటర్ల ఏటవాలు కోత పెట్టి, ఒక్కొక్కదానిలో నాలుకలా చీలిక చేసి ఒకదాంట్లో ఒకటి దింపుతారు. పుల్లకు రెండు మూడు మొగ్గలు చాలు. బెరడు కిందనున్న పలచటి పచ్చపొర కనీసం ఒక పక్కనైనా రెండింటికీ ఆనాలి. లావుల్లో తేడా ఉన్నప్పుడు పుల్లను మధ్యలో పెడితే ఏ పక్కా ఆనదు. అంటు పోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. తర్వాతి కారణం ఎండిపోవడం. అందుకే టేపు బిగించి చుట్టి, పుల్ల కొనకు మైనం పూయాలి. మొగ్గల మొన పైకి ఉందో లేదో చూసుకోండి, తలకిందులుగా కట్టేవాళ్లూ ఉన్నారు.

చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందన్నది వేరుమొక్క చేతుల్లో ఉంటుంది. ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ వేరుమొక్కలను వేరుచేసి నంబర్లిచ్చింది. వాటిలో ఎం9 అనేదాని మీద కట్టిన చెట్టు రెండున్నర, మూడు మీటర్లు దాటదు, రెండు మూడేళ్లకే కాస్తుంది. దాని వేళ్లు పెళుసు కాబట్టి జీవితాంతం ఊతకర్ర కావాలి. గింజ మొక్క మీద కడితే ఎనిమిది మీటర్ల పైకి పోతుంది.

ప్రశ్న: యాపిల్ పుట్టిల్లు ఎక్కడ?

మధ్య ఆసియాలో, కజకిస్తాన్–చైనా సరిహద్దు పొడవునా సాగే టియాన్‌షాన్ కొండలు. అక్కడి అడవి యాపిల్ పేరు మాలస్ సీవర్సీ. రష్యన్ వృక్షశాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ 1929లో అల్మాటీ చుట్టుపక్కల కొండల్లో ఈ అడవులు చూసి, మన యాపిల్‌కు మూలం ఇదేనని గట్టిగా చెప్పాడు. ఆ తర్వాత స్టాలిన్ ప్రభుత్వం ఆయన్ను జైల్లో పెట్టింది, 1943లో అక్కడే చనిపోయాడు. 2010లో గోల్డెన్ డెలిషియస్ జన్యుపటం వెలువడినప్పుడు ఆయన మాటే నిలిచింది. అయితే పట్టు వ్యాపారం సాగిన దారుల వెంట పడమటికి వెళ్లిన ఆ యాపిల్ దారిలో ఐరోపా అడవి క్రాబ్ యాపిల్‌తో బాగా కలిసింది. ఇప్పుడు మనం తినేది సంకరమే.

ఒక్క సంగతి గమనించదగ్గది. టియాన్‌షాన్ అడవుల్లో ఒక చెట్టు కాయ గోళీకాయంత ఉంటే, పక్క చెట్టుది బజారు పండంత ఉంటుంది. ఒకటి తేనెలా తీపి, మరొకటి నోట పెట్టలేని వగరు. మనుషులు వచ్చి ఏరకముందే ఎలుగుబంట్లు పెద్ద, తియ్యటి కాయలను ఏరుకుని తిని గింజలు చల్లాయని శాస్త్రవేత్తల అంచనా.

ప్రశ్న: పండ్లు ఇంట్లో ఎక్కువ రోజులు ఎలా ఉంచాలి? అంగడిలో ఏడాది పొడవునా ఎలా దొరుకుతున్నాయి?

బయట పళ్లెంలో పెట్టిన యాపిల్ సున్నా డిగ్రీల దగ్గర ఉంచినదానికంటే దాదాపు పది రెట్లు వేగంగా మెత్తబడుతుంది. కాబట్టి ఇంటికి తెచ్చినవి తెచ్చినట్టే ఫ్రిజ్‌లో పెట్టండి. కూరగాయల అరలో, నాలుగైదు చిల్లులున్న సంచిలో ఉంచితే తేమ నిలుస్తుంది, చెమట పట్టదు. పూర్తిగా మూసిన సంచిలో నీరు చేరి బూజు వస్తుంది. కడిగి దాచొద్దు, తినేముందు కడగండి. ఫ్రీజర్ అరకు ఆనించొద్దు. సుమారు మైనస్ 2 డిగ్రీల దగ్గర పండు గడ్డకడుతుంది, కరిగాక లోపల గోధుమరంగు గుజ్జే మిగులుతుంది.

యాపిల్ పండాక ఎథిలీన్ వాయువు వదులుతుంది. పక్కనున్న అరటిపండ్లు దానికి త్వరగా మాగుతాయి, క్యారెట్లు చేదెక్కుతాయి. కుళ్లిన ఒక్క పండును బుట్టలోనుంచి తీసేయమనడం వెనక బూజుతోపాటు ఈ వాయువూ ఉంది.

ఏడాది పొడవునా దొరకడం వెనక 1920ల నాటి కేంబ్రిడ్జ్ పరిశోధన ఉంది. ఫ్రాంక్లిన్ కిడ్, సిరిల్ వెస్ట్ అనే ఇద్దరు పండు కోశాక కూడా శ్వాసిస్తుందనీ, గాలిలో ఆక్సిజన్ తగ్గించి కార్బన్ డయాక్సైడ్ పెంచితే ఆ శ్వాస నెమ్మదిస్తుందనీ చూపారు. ఇప్పటి గోదాముల్లో ఆక్సిజన్ 1 నుంచి 3 శాతానికి దించుతారు (మామూలు గాలిలో 21 శాతం), తేమ 90 శాతం పైన ఉంచుతారు. చాలాచోట్ల ఎథిలీన్ పని చేయకుండా అడ్డుకునే 1-ఎంసీపీ అనే వాయువు కూడా పట్టిస్తారు. ఇలా నెలల తరబడి నిలిచిన పండు గట్టిగానే ఉంటుంది గానీ వాసన తగ్గుతుంది, ఎందుకంటే యాపిల్ సువాసన పుట్టడానికీ ఎథిలీనే కావాలి. కరకరలాడుతూ చప్పగా ఉండే పండు కథ ఇది.

ప్రశ్న: కోసిన ముక్కలు నల్లబడకుండా ఏం చేయాలి?

కత్తి పడగానే కణాలు చిట్లి, లోపలున్న ఒక ఎంజైమ్ గాలిలోని ఆక్సిజన్ సాయంతో ఫినాల్ పదార్థాలను గోధుమరంగులోకి మారుస్తుంది. నిమ్మరసం పనిచేస్తుంది, కప్పు నీళ్లకు ఒక టేబుల్ స్పూను చాలు. పులుపు వద్దనుకుంటే ఉప్పు మేలు. కప్పు నీళ్లకు అర టీస్పూను ఉప్పు కరిగించి ముక్కలు పది నిమిషాలు నానబెట్టి, మంచినీళ్లతో ఒకసారి కడిగేయండి. ఉప్పదనం తెలియదు, కొన్ని గంటలు తెల్లగా ఉంటాయి. ఉత్త నీళ్లలో వేస్తే ఉన్నంతసేపే ఆగుతుంది, తీయగానే మొదలవుతుంది. మొద్దుబారిన కత్తి ఎక్కువ కణాలను నలుపుతుంది కాబట్టి తొందరగా రంగు మారుతుంది.

ప్రశ్న: తొక్క మీద మైనం హానికరమా? పురుగుమందుల అవశేషాలు ఎలా పోతాయి?

యాపిల్‌కు పుట్టుకతోనే మైనపు పూత ఉంటుంది. గోదాముల్లో కడిగినప్పుడు కొంత పోతుంది. దానికి బదులు తాటి జాతి చెట్టు ఆకులనుంచి తీసే కార్నౌబా మైనమో, లక్కనుంచి తీసే షెల్లాకో పూస్తారు. రెండూ ఆహారంలో అనుమతి ఉన్నవే, ఒంటికి పట్టకుండా వెళ్లిపోతాయి. గీకితే తెల్లగా రాలిందని భయపడక్కర్లేదు.

మందుల విషయంలో మాత్రం కుళాయి కింద ఒకసారి తిప్పి తీయడం చాలదు. 2017లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తినేసోడా కలిపిన నీళ్లు బాగా పనిచేస్తాయని చూపారు. లీటరు నీళ్లకు 10 గ్రాములు, అంటే రెండు టీస్పూన్లు కలిపి 12 నుంచి 15 నిమిషాలు నానబెట్టాలి. పైపైన ఉన్న మందు అప్పుడు పోతుంది. తొక్కలోకి ఇంకినది పోదు, అక్కడ చెక్కు తీయడం ఒక్కటే దారి. చెక్కుతో పీచూ ఇతర పోషకాలూ కొన్ని పోతాయి. ఏది ముఖ్యమన్నది మీ ఇష్టం. మా ఓటు సోడా నీళ్లకే.

ప్రశ్న: గింజ మింగితే విషమా?

గింజలో అమిగ్డాలిన్ ఉంటుంది, నమిలితే దాన్నుంచి సైనైడ్ పుడుతుంది. మింగిన గింజ పెంకు చెక్కుచెదరకుండా బయటికి పోతుంది, ఒకటి రెండు నమిలినా ఏమీ కాదు. జ్యూస్ మిక్సీలో పండ్లు గింజలతో సహా వేయడం మాత్రం మానండి.

ప్రశ్న: కోస్తే లోపల అద్దంలా నీటి మచ్చ కనిపించింది. ఇంకో పండులో తొక్క కింద గోధుమ చుక్కలు. తినొచ్చా?

రెండూ తినొచ్చు. అద్దంలాంటి మచ్చను నీటి గుండె అంటారు. ఆకుల్లో తయారైన సార్బిటాల్ అనే చక్కెర, దాంతోపాటు నీరు, కణాల మధ్యనున్న గాలి ఖాళీల్లో నిండిపోవడం వల్ల వస్తుంది. చెట్టు మీద బాగా పండిన ఫుజీలో ఎక్కువ. ఆ భాగం తియ్యగా ఉంటుందని ఏరి కొనేవాళ్లున్నారు. నిల్వకు మాత్రం పనికిరాదు, ఆ చోటే తర్వాత గోధుమరంగుకు తిరుగుతుంది.

గోధుమ చుక్కలను చేదు మచ్చ అంటారు. కాయకు కాల్షియం చాలకపోతే వస్తుంది. నేలలో కాల్షియం ఉన్నా, నీరు ఒకసారి ఎక్కువ ఒకసారి తక్కువ అందితే, నత్రజని మరీ ఎక్కువైతే, కాయలు తక్కువై ఒక్కొక్కటీ బాగా పెరిగితే కాయకు కాల్షియం సరిపోదు. చుక్కలున్న చోట చెక్కేసి మిగతాది తినండి.

ప్రశ్న: ఉడికిస్తే కొన్ని ముక్కలుగా నిలుస్తాయి, కొన్ని గుజ్జయిపోతాయి. ఎందుకు?

రకాన్ని బట్టి. బ్రామ్లీ కొన్ని నిమిషాల్లోనే నురగలా కరుగుతుంది. గ్రానీ స్మిత్, గోల్డెన్ డెలిషియస్ కొంతవరకు నిలుస్తాయి. మీ దగ్గర ఏ రకం ఉన్నా కొంత అదుపు చేయొచ్చు. ముక్కలుగా కావాలంటే ముందు 60–70 డిగ్రీల వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచండి, ఆ వేడికి పెక్టిన్ గట్టిపడుతుంది, తర్వాత ఉడికించినా విడిపోదు. మరిగే నీళ్లలో నేరుగా వేస్తే ఈ మేలు దక్కదు. చక్కెర మొదట్లోనే వేస్తే ముక్క బిగుస్తుంది. గుజ్జు కావాలంటే కాసిని నీళ్లతో ఉడికించి, చక్కెర చివర్లో వేయండి. తొక్కలూ గింజల గదులూ పారేయొద్దు. పెక్టిన్ వాటిలోనే ఎక్కువ. మూట కట్టి పెక్టిన్ తక్కువున్న పండ్ల జామ్‌లో ఉడకనిస్తే జామ్ చక్కగా చిక్కబడుతుంది.

ప్రశ్న: మా యాపిల్ చెట్టు ఏపుగా పెరిగింది, కాయ మాత్రం లేదు. పోయినేడు విరగకాసిన మరో చెట్టు ఈ ఏడు ఖాళీ.

మొదటి చెట్టుకు పూత వచ్చిందా అన్నది చూడండి. పూతే రాకపోతే చలి చాలలేదేమో. పేరున్న రకాల్లో చాలావాటికి చలికాలంలో 7 డిగ్రీల కంటే తక్కువలో 800 నుంచి 1000 గంటలు గడవాలి, లేకపోతే మొగ్గ సరిగా విచ్చుకోదు. ఇజ్రాయెల్‌లో పుట్టిన ఆనా, బహామాస్‌లో దొరికిన డోర్సెట్ గోల్డెన్‌కు 300 గంటల లోపే చాలు. ఇవి ఒకదానికొకటి పుప్పొడి ఇచ్చుకుంటాయి కాబట్టి జంటగా నాటడం మంచిది. నత్రజని ఎరువు ఎక్కువైనా, కొమ్మలు మరీ కొట్టేసినా ఆకే తప్ప పూత రాదు.

పూత వచ్చి రాలిపోతుంటే పుప్పొడి సమస్య. ఒకే సమయంలో పూసే వేరే రకం చెట్టు 15–20 మీటర్ల లోపు ఉండాలి, తేనెటీగలు తిరగాలి. పూత మీద పురుగుమందు కొడితే ఆ ఏడు కాపు మీద ఆశ వదులుకోవడమే.

రెండో చెట్టుది ఏడు విడిచి ఏడు కాసే జబ్బు. కాయలోని గింజలు విడుదల చేసే హార్మోన్ వచ్చే ఏటి పూమొగ్గను అణిచేస్తుంది, ఆ మొగ్గలు వేసవి మొదట్లోనే తయారవుతాయి. కాబట్టి కాపు విరగకాసిన ఏడే జాగ్రత్తపడాలి. పూలు రాలిన నెలలోపు, కాయ గోలీ సైజులో ఉండగా, గుత్తికి ఒక్కటే ఉంచి మిగతావి తుంచేయండి. కాయకూ కాయకూ మధ్య 15 సెంటీమీటర్లు ఉండాలి. గుత్తి మధ్యలో ఉన్నది సాధారణంగా పెద్దది, దాన్నే ఉంచండి. తుంచేటప్పుడు తొడిమ పట్టుకుని విరవాలి, కాయను లాగితే పక్క కాయలతో పాటు కాపు పుల్లా ఊడొస్తుంది. ఆలస్యంగా తుంచితే ఈ ఏటి కాయ సైజు కాస్త పెరుగుతుందే తప్ప వచ్చే ఏటి పూతకు అందదు.